చివరి ఊరికి నీళ్లు
(మదనపల్లెలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి జ్ఞాపకంగా ఈ రోజు కూర్చున్నామో ఆయన గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరు. ఉద్యోగమంతా పడమటి మండలాల్లోనే చేశారు. పల్లెల్లో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. ‘నీళ్ల సారు’ అంటేనే గుర్తు. నేనూ అలాగే అంటాను. సారు ప్రారంభోత్సవాలకు వెళ్లేవారు కాదు. రమ్మంటే, “రిబ్బను కత్తిరించే పొద్దు నీళ్లు ఎట్లా అయినా వస్తాయి. ఆర్నెల్లు పోనిచ్చి పిలవండి, వచ్చి ఒక లోటా తాగిపోతా” అనేవారు. ఈ ఉపన్యాసమంతా ఆ ఆర్నెల్ల తర్వాతి సంగతే.

ఆఫ్రికా పల్లెలకు మంచినీళ్లు అందించిన అనుభవాన్ని మన ప్రాంతంతో కలిపి చెప్పమని నిర్వాహకులు అడిగారు. ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి కుప్పం అని కొందరికి అనిపించవచ్చు. నీళ్ల విషయంలో ఈ రెండింటికీ పాత చుట్టరికమే ఉంది. అక్కడికి వస్తాను.

మదనపల్లె అంటే బయటివాళ్లకు జనగణమన గుర్తొస్తుంది, లేకపోతే టమాటా. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి కాలేజీలో ఉన్నప్పుడే ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. అంతకు ముందే, 1915లో, క్షయ రోగుల కోసం ఆరోగ్యవరం శానటోరియం వెలిసింది. సముద్రమట్టానికి సుమారు 2,300 అడుగుల ఎత్తు, పొడి గాలి, చల్లటి రాత్రులు. రోగులకు ఇంతకంటే ఏం కావాలి? కానీ ఏ ఎత్తు మనకు చల్లగాలి ఇచ్చిందో అదే ఎత్తు నీళ్లను మన దగ్గర నిలవనీయలేదు. పడిన వాన పడినట్టే పల్లానికి జారిపోతుంది. బాహుదా వానకు పారే ఏరు. కుప్పం పక్కన పాలారు ఉంది, నిజమే. నంది కొండల్లో పుట్టి మన వైపు కొద్ది దూరం నడిచి తమిళనాడులోకి పోతుంది. ఆ నది మీద మద్రాసు, మైసూరుల మధ్య 1892లోనే ఒప్పందం జరిగింది. చెక్‌డ్యాముల మీద తగవు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ నదిలో కనబడేది ఇసుకే.

అందుకని మన పెద్దలు చెరువులు కట్టారు. వాళ్లు అల్లాటప్పాగా కట్టలేదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించినది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించాడు. వెయ్యిమంది కూలీలు రెండేళ్లు పనిచేశారని కూడా రాయించాడు. ఇంజనీరింగు కాలేజీల్లో ఈ శాసనాన్ని పాఠంగా పెడితే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది. చెరువుకు కట్ట, తూము, మొరవ ఎంత ముఖ్యమో నీరుగట్టి అంత ముఖ్యం. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసే మనిషి అతను. అతనికి కళ్లంలో గింజలు కొలిచేవాళ్లు. ఆ కొలత ఆగిపోయిన ఊళ్లలో ముందు పోయింది తూము, తర్వాత కాలువ, ఆ తర్వాత చెరువే పోయింది.

చెరువులు పోయాక బోర్ల మీద పడ్డాం. ఆ బోర్లు ఎందుకు ఎండిపోతున్నాయి, దొరికిన నీళ్లు తాగితే పళ్లు ఎందుకు పాడవుతున్నాయి అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి. సమాధానం మాత్రం ఒక్కటే, మన కాళ్ల కింద ఉన్న రాయి. ఈ ప్రాంతమంతా గ్రానైటు, నైసు శిలలు. పైన కొన్ని పదుల అడుగుల మేర రాయి శిథిలమై, వాన నీటిని పట్టి ఉంచుతుంది. పాత దిగుడు బావులు, కపిల బావులు బతికింది ఆ పొర మీదే. దాని కింద గట్టి రాయి. అందులో నీళ్లుండేది పగుళ్లలో మాత్రమే. పగులు తగిలితే గంగ, తగలకపోతే దుమ్ము. వెయ్యి అడుగులు దాటి తొలిచేవాళ్లు ఆ పగులు కోసమే తొలుస్తారు. అంత లోతున నీరు ఏళ్ల తరబడి రాతిని ఒరుసుకుంటూ ఉంటుంది. అందులో క్షారం ఎక్కువై, కాల్షియం తగ్గినకొద్దీ రాతిలోని ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది. మనం నీళ్లు వెతుక్కుంటూ కిందికి పోయినకొద్దీ జబ్బు వైపే పోయాం.

ఇది కొత్త సంగతి కాదు. మన దేశంలో ఈ జబ్బు, అంటే ఫ్లోరోసిస్, గురించి తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వచ్చింది. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో జనం నడుములు వంగిపోవడం చూసి షార్ట్, ఆయన తోటి వైద్యులు రాసినది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు దాటకపోతే మంచిది, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చు అన్నది మన ప్రమాణం. ఆ తేడా కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. ఉప్పునీళ్లయితే నోట్లో పోసుకోగానే ఉమ్మేస్తాం. ఫ్లోరైడు నీళ్లు తియ్యగా ఉన్నాయని మెచ్చుకుంటూ తాగుతాం.

ఇక ఆఫ్రికా సంగతి. అది మన దేశంలోనే మొదలవుతుంది. 1967 ప్రాంతంలో మన ఉత్తరాదిన పెద్ద కరువు వచ్చినప్పుడు గట్టి రాతిని తొలిచే యంత్రాలను యునిసెఫ్ తెప్పించింది. బోర్లు పడ్డాయి. వాటి మీద బిగించిన పోత ఇనుప పంపులు ఒక ఇంటి వాడకానికి చేసినవి. ఊరు ఊరంతా వచ్చి కొడితే ఎన్నాళ్లు నిలుస్తాయి? చాలావరకు మూలపడ్డాయి. అప్పుడు షోలాపూర్‌లో ఎవరో బాగుచేసుకున్న పంపును ఆధారంగా తీసుకుని, యునిసెఫ్ సాయంతో, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ సంస్థ 1970లలో ఇండియా మార్క్-2 పంపు తయారుచేసింది. మన పల్లెల్లో బోరింగు అని పిలుచుకునేది దాన్నే. పుంగనూరు పక్క పల్లెలో పిల్లలు ఎగిరెగిరి కొట్టిన ఆ పంపే ఘానాకు, మాలికి, బుర్కినా ఫాసోకు పోయింది. ఉగాండాలో దాన్ని కొంచెం మార్చి యూ-2 అని పేరు పెట్టుకున్నారు. 1981 నుంచి 1990 దాకా ఐక్యరాజ్యసమితి తాగునీటి దశాబ్దం జరిపింది. ఆ పదేళ్లలో ఆఫ్రికా పల్లెల్లో నాటిన పంపుల్లో మన పంపుది పెద్ద వాటా. చుట్టరికం అన్నది ఇదే.

ఆ తర్వాత ఏమైంది? సహారాకు దక్షిణాన ఉన్న దేశాల్లో ఏ రోజు చూసినా చేతి పంపుల్లో మూడోవంతు దాకా పనిచేయకుండా పడి ఉంటాయని అక్కడి నీటి రంగం వాళ్ల అంచనా. పంపు చెడ్డది కాదు. మార్క్-2 లోపలి వాషరు అరిగితే కింది నుంచి బరువైన ఇనుప గొట్టాలన్నీ పైకి లాగాలి. దానికి మూడుకాళ్ల స్టాండు, నలుగురు మనుషులు, వ్యాను కావాలి. జిల్లా కేంద్రం నుంచి ఆ వ్యాను రావాలి. దాతలు పంపు ఇచ్చారు, వ్యానుకు డీజిలు ఇవ్వలేదు. ఇది గమనించే మలావి, కెన్యాలలో ఆఫ్రిడెవ్ అనే మరో పంపును తయారుచేశారు. ప్లాస్టిక్ గొట్టాలు, ఒక్క స్పానరు. ఊళ్లో ఆడవాళ్లే విప్పి బాగుచేసుకోగలరు. అందరి కళ్లూ పంపు ఎంత నీరు తోడుతుందన్నదాని మీద ఉన్న రోజుల్లో, చెడిపోతే ఎవరు విప్పుతారు అని అడిగినవాళ్లు చేసిన పంపు అది. అది కూడా అన్నిచోట్లా నెగ్గలేదు. స్పానరు పట్టిన మనిషికి కూలి ఎవరిస్తారన్న ప్రశ్న మిగిలిపోయింది. మన నీరుగట్టికి గింజలు కొలవడం ఎందుకు ఆపామో, అక్కడ మెకానిక్కు డబ్బులు ఎందుకు ఆగాయో, కారణం వేరు కాదు.

నెగ్గిన కథ ఒకటుంది, అది చెప్పకపోతే అన్యాయం. నారికురుపు. అరవై దాటినవాళ్లకు గుర్తుంటుంది. కాలిపుండులోంచి దారంలా పురుగు బయటికి రావడం, దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగడం. దిగుడు బావిలో కాలు పెట్టి నీళ్లు ముంచుకోవడమే ఆ పురుగుకు దారి. మన ప్రభుత్వం 1980లలో దాని మీద కార్యక్రమం మొదలుపెట్టింది. దిగుడు బావుల్ని చేదబావులుగా మార్చారు, నీళ్లు గుడ్డతో వడకట్టి తాగమని ఇంటింటికీ చెప్పారు. టీకా లేదు, మందు లేదు. 1996లో చివరి కేసు రాజస్థాన్‌లో కనబడింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి ఆ జబ్బు లేదని ధ్రువపత్రం ఇచ్చింది. ప్రపంచమంతా 1986 నాటికి ఏటా 35 లక్షల మందికి వచ్చేది. ఇప్పుడు చాద్, దక్షిణ సూడాన్ వంటి కొన్ని ఆఫ్రికా దేశాల్లో ఏటా ముప్పైకి లోపే. పెద్ద ఆనకట్ట కట్టి సాధించింది కాదు. ప్రతి ఊళ్లో ఒక మనిషి ప్రతి నెలా వెళ్లి చూసి రాయబట్టి సాధ్యమైంది.

ఇప్పుడు మన కాలువ దగ్గరికి వద్దాం. హంద్రీ-నీవా సుజల స్రవంతి. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో ఊహ, జలయజ్ఞం రోజుల్లో పని, 2012లో మల్యాల దగ్గర పంపులు తిరగడం. శ్రీశైలం వెనకనీళ్లు, కృష్ణా వరద, 40 టీఎంసీలు. నాలుగు జిల్లాల్లో 6 లక్షల ఎకరాలకు పైగా సాగు, 33 లక్షల మందికి తాగునీరు అన్నది లక్ష్యం. జీడిపల్లి, గొల్లపల్లి, చెర్లోపల్లి రిజర్వాయర్ల మీదుగా నీళ్లు పుంగనూరు బ్రాంచి కాలువలోకి, దాని చివర నుంచి కుప్పం బ్రాంచి కాలువలోకి రావాలి. 2024 ఫిబ్రవరిలో రామకుప్పం మండలంలో ఒక ముఖ్యమంత్రి గేట్లెత్తారు. 2025 ఆగస్టులో కుప్పం దగ్గర పరమసముద్రం చెరువులో ఇంకో ముఖ్యమంత్రి హారతిచ్చారు. ఒకే కాలువకు రెండు పండగలు. నీళ్ల సారు ఉంటే రెండింటికీ వెళ్లేవారు కాదు.

రాజకీయం పక్కన పెడితే, 700 కిలోమీటర్లకు పైగా నడిచి కృష్ణమ్మ కుప్పం గడ్డ మీదికి రావడం మామూలు సంగతి కాదు. చెరువు కట్ట మీద నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్న ముసలివాళ్లను చూసి నవ్వే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ నీళ్లు నడిచి రాలేదు, ఎక్కి వచ్చాయి. శ్రీశైలం నిండు నీటిమట్టం 885 అడుగులు, అంటే సుమారు 270 మీటర్లు. మనం ఉన్నది 680, 700 మీటర్ల దగ్గర. కనీసం 400 మీటర్లు ఎత్తాలి.

కాస్త లెక్క వేద్దాం. ఓపిక పట్టండి, ఇంజనీరు పేరు మీద సభ కాబట్టి లెక్క తప్పదు. వెయ్యి లీటర్లను 400 మీటర్లు ఎత్తడానికి, పంపుల్లో పోయేది కలుపుకుంటే, ఒకటిన్నర యూనిట్ల కరెంటు కావాలి. జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. ఏడాదికి ఇరవై వేల లీటర్లు, అంటే ముప్పై యూనిట్లు. ఒక మనిషి ప్రాణానికి ఏడాదికి ముప్పై యూనిట్లు ఎక్కువా? ఏ ప్రభుత్వమైనా భరించగలదు. 33 లక్షల మందికీ లెక్క వేసినా ఏడాదికి రెండున్నర టీఎంసీలు దాటదు. 40లో ఆరోవంతు కూడా కాదు, నూటికి ఆరు పాళ్లు.

అదే ఎకరం టమాటా తీసుకోండి. పంటకాలంలో 400 నుంచి 600 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. తక్కువ లెక్కే వేసినా 16 లక్షల లీటర్లు. ఎనభై మంది ఏడాది పొడుగునా వాడుకునే నీళ్లు. ఆ నీళ్లన్నీ శ్రీశైలం నుంచే ఎత్తాలంటే ఎకరాకు 2,400 యూనిట్లు. నేను టమాటాకు శత్రువును కాను. మదనపల్లె మార్కెట్ లేకపోతే ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలగదు. వానతో, చెరువుతో, డ్రిప్పుతో టమాటా పండించుకుందాం. కానీ ఇంత ఖరీదు పెట్టి కొండెక్కించిన నీటికి మొదటి హక్కు గొంతుది. 1987 నాటి జాతీయ జల విధానం నుంచి తాగునీటికే మొదటి స్థానం అని రాసుకుంటూనే ఉన్నాం. రాసుకున్నది కాలువ చివర అమలు కావడమే కష్టం. ఎందుకంటే కాలువ పొడుగునా మోటార్లు ఉంటాయి, చివర బిందెలు ఉంటాయి.

కాలువకు సిమెంటు లైనింగు వేయాలా వద్దా అన్న గొడవ కూడా ఇక్కడిదే. లైనింగు వేస్తే నీళ్లు చివరిదాకా వస్తాయి. వేయకపోతే దారిలో ఇంకి, పక్క బోర్లు నిండుతాయి. అనంతపురం వైపు రైతులు వద్దంటారు, కుప్పం వైపు కావాలంటారు. ఇద్దరిదీ న్యాయమే. నా మటుకు నేను లైనింగు వైపే ఉంటాను, అదీ ఒక షరతు మీద. దారిలో ఉన్న ఊళ్ల చెరువులకు లెక్కగా, తూము పెట్టి, నీళ్లు వదలాలి. ఇంకుడును కాలువ పుణ్యానికి వదిలేయకూడదు.

మరో చిక్కు, కృష్ణకు వరద వచ్చేది కొన్ని నెలలే. మనకు దాహమేసేది మార్చి నుంచి. మధ్యలో నిలవ పెట్టాలి. మదనపల్లెకు చిప్పిలి దగ్గర సమ్మర్ స్టోరేజి చెరువు కట్టింది అందుకే. కుప్పం కాలువ కింద నింపాల్సిన చెరువులు 110 దాకా ఉన్నాయి. అందులో ప్రతి మండలానికి రెండో మూడో చెరువుల్ని తాగడానికే అని పంచాయతీలు తీర్మానం చేసి పక్కన పెట్టుకోవాలి. చట్టం మనకు అండగానే ఉంది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. ఆ టేపు పట్టుకుని కొలిచినవాళ్లను మీరు చూశారా?

చట్టంతో కాని పని లెక్కతో అయిన సందర్భం మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ఉంది. 2003 నుంచి కొన్నేళ్లపాటు చిత్తూరుతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం నడిచింది. రైతులు, వాళ్లలో ఆడవాళ్లు కూడా, వాన ఎంత పడిందో, బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో స్వయంగా కొలిచి ఊరి గోడ మీద రాసేవాళ్లు. కార్తీక మాసంలో కూర్చుని, ఉన్న నీళ్లు ఇన్ని, వేయబోయే పంటలకు కావాల్సినవి ఇన్ని అని బడ్జెట్టు వేసుకునేవాళ్లు. వరి వేయొద్దని ఎవరూ హుకుం జారీ చేయలేదు. గోడ మీది అంకె చూసి చాలామంది తామే తగ్గించుకున్నారు. పథకం అయిపోయాక చాలా గోడలకు సున్నం పడింది. ఆ అంకెలు మళ్లీ రాయడానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, ఒక తాడు, ఒక సుద్దముక్క చాలు.

ఇంక నీళ్లు మంచివా కావా అన్నది. 2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల పథకం మొదలైనప్పుడు రెండు రూపాయలకు 20 లీటర్ల శుద్ధి చేసిన నీళ్ల క్యాను అన్నారు. ఆర్‌ఓ ప్లాంటు ఫ్లోరైడును తీసేస్తుంది, సందేహం లేదు. కానీ లోపలికి పోయిన నీళ్లలో చాలా భాగం మురుగ్గా బయటికి పోతాయి, ఫ్లోరైడు చిక్కబడి మరీ. నీళ్లే లేని ఊళ్లో నీళ్లు పారబోసే యంత్రం అది. మెంబ్రేన్ మార్చాల్సిన తేదీ దాటినా నీళ్లు వస్తూనే ఉంటాయి, రుచి కూడా మారదు. కృష్ణా నీళ్లు కలిశాక ఫ్లోరైడు బెడద తగ్గుతుంది. అప్పుడు వేరే బెడద వస్తుంది. ఉపరితల నీటిలో క్రిములు ఉంటాయి. రెండు రోజులకోసారి కొళాయి వదిలే ఊళ్లలో, నీళ్లు ఆగినప్పుడు పగిలిన పైపు పక్క మురుగును లోపలికి పీల్చుకుంటుంది. ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగు కలిపినా చివరి కొళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగలాలి. చివరి కొళాయి దగ్గర ఎవరు పరీక్షిస్తారు?

దీనికి కూడా సరంజామా ఉంది. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో అయిదుగురికి, వీలైతే ఆడవాళ్లకే, కిట్టు ఇచ్చి శిక్షణ ఇవ్వాలన్నారు. ఫ్లోరైడు ఉంటే కిట్టులో రంగు గులాబీ నుంచి పసుపుకు తిరుగుతుంది. క్రిములకు ఇంకో చిన్న సీసా ఉంది. నీళ్లు పోసి రాత్రంతా వెచ్చగా ఉంచితే, మురుగు కలిసిన నీళ్లయితే నల్లబడుతుంది. 1982లో గ్వాలియర్‌లోని మన రక్షణ పరిశోధన సంస్థలో మంజా, ఆయన సహచరులు కనిపెట్టినది. ఇప్పుడు ఆఫ్రికా పల్లెల్లో కూడా వాడుతున్నారు. పంపు తర్వాత మనం వాళ్లకు ఇచ్చిన రెండో వస్తువు, బహుశా మొదటిదానికంటే మంచిది.

ఒకసారి నీళ్ల సారుతో ఒక పల్లెకు వెళ్లాను. ఊరి పేరు అనవసరం. ఒక పెద్దామె సీసా చూసి, “ఏం సారూ, నల్లగయితే ఏం చేస్తావు నువ్వు?” అని అడిగింది. “నేనేం చేస్తానమ్మా, నువ్వు పంచాయతీ ఆఫీసుకు తీసుకుపోయి బల్ల మీద పెట్టు. నేను పెడితే కాయితం, నువ్వు పెడితే రచ్చ” అన్నారు. ఆమె అలాగే చేసింది. వారంలో పైపు మారింది. ఇందులో సారు గొప్ప ఏమీ లేదు, ఆయనే ఒప్పుకునేవారు. కానీ సీసా ఆమె చేతికి ఇవ్వాలన్న ఆలోచన అందరికీ తట్టదు.

ఇప్పుడు నా కోరిక ఒక్కటే. వచ్చే గ్రామసభకు మీరంతా వెళ్తారు కదా. కాలువ ఎవరు తెచ్చారన్న చర్చ అక్కడ ఎలాగూ జరుగుతుంది, జరగనివ్వండి. అది అయ్యాక మూడు సంగతులు అడిగి, జవాబును రిజిస్టర్లో రాయించండి. వాటర్‌మ్యాన్‌కు ఎన్ని నెలల జీతం బాకీ ఉంది? ఊరి నీళ్లు చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఫలితం ఏమిటి? తాగడానికి అని పక్కన పెట్టిన చెరువు ఏది, దాని చుట్టూ మోటార్లు ఎన్ని? జవాబు రాకపోతే రాలేదనే రాయించండి. అదీ రికార్డే.

నేను చెప్పాల్సింది అయిపోయింది. మిగతా సమయం ప్రశ్నలకు, ఫిర్యాదులకు. కుప్పం నుంచి వచ్చినవాళ్లు ముందు మాట్లాడితే బాగుంటుందని అధ్యక్షులవారికి మనవి. వాళ్లకు బస్సు దూరం కూడా ఎక్కువ.